గడ్డదా, వంశానిదా?

బయాప్సీ రిపోర్టు చేతికొచ్చింది. చివరి పేజీలో ‘జిస్ట్’ అని ఉంది. ఆస్పత్రి మెట్లు దిగేలోపే ఫోన్లో వెతికారు. అక్కడ ‘జన్యు మార్పు’ అన్న మాట కనబడింది. ఇక ఆ రాత్రికి నిద్రెక్కడిది? ‘నా పిల్లలకూ వస్తుందా?’ ‘మా నాన్న కడుపునొప్పి అంటూనే పోయాడు కదా, ఆయనకూ ఇదేనా?’ ‘చెల్లి పెళ్లి కుదిరే వేళకే ఇది బయటపడాలా?’

కంగారు పడొద్దని చెప్పను. చెప్పినా పడతారు. ఆ కంగారును సరైన కౌంటర్ దగ్గరికి తీసుకెళ్లడమే ఈ అధ్యాయం పని.

మీ ముందు రెండు ప్రశ్నలున్నాయి. ఒకటి: ఈ గడ్డలో ఏ జన్యువు, ఎక్కడ మారింది? దీని జవాబును బట్టి మీ మందు తేలుతుంది. రెండు: ఆ మార్పు గడ్డలో మాత్రమే ఉందా, పుట్టుకతోనే ఒళ్లంతా ఉందా? దీని జవాబును బట్టి మీ తోబుట్టువులూ పిల్లలూ ఏం చేయాలో తేలుతుంది. మొదటిదానికి గడ్డ ముక్కను పరీక్షిస్తారు, రెండోదానికి రక్తాన్నో లాలాజలాన్నో పరీక్షిస్తారు. చాలా ఇళ్లలో ఈ రెంటినీ కలిపేసి, ఒకదాని జవాబును రెండోదానికి అంటించుకుని ఏడుస్తారు. లేదా ఒకటి చేయించి రెండోది మరిచిపోతారు.

కాస్త పరిచయం, అంతే

జిస్ట్ అంటే గ్యాస్ట్రో ఇంటెస్టైనల్ స్ట్రోమల్ ట్యూమర్. మనం మామూలుగా వినే కడుపు క్యాన్సర్ జీర్ణాశయం లోపలి పొరలో పుడుతుంది. ఇది అలా కాదు, గోడలోని కండరం మధ్య పుడుతుంది. పేగుల కదలికకు లయ కుదిర్చే కజాల్ కణాలని కొన్ని ఉన్నాయి, ఈ గడ్డ వాటి జాతిది. అరుదైన జబ్బు: ఏడాదికి పది లక్షల మందిలో పది, పదిహేను మందికి వస్తుంది. సగానికి పైగా జీర్ణాశయంలో, మిగతావాటిలో ఎక్కువ చిన్నపేగులో కనబడతాయి.

1998లో జపాన్‌లో సెయిచి హిరోతా బృందం ఈ గడ్డల్లో ‘కిట్’ అనే జన్యువు మారి ఉంటుందని కనిపెట్టింది. ఆ జన్యువు తయారుచేసే ప్రోటీన్ కణం పైపొర మీద కూర్చుని, బయటి నుంచి కబురు అందినప్పుడు మాత్రమే ‘పెరుగు’ అని లోపలికి చెప్పాలి. జన్యువు మారితే కబురు రాకపోయినా చెబుతూనే ఉంటుంది. పొలంలో మోటారుకు పెట్టిన ఆటో స్టార్టర్ ఇరుక్కుపోయినట్టు: రైతు ఇంట్లో పడుకున్నా మోటారు ఆడుతూనే ఉంటుంది, మడి నిండి గట్టు తెగినా ఆగదు.

మందు అక్కడికే వెళుతుంది. ఇమాటినిబ్ అనే మాత్ర ఆ ప్రోటీన్‌లోని ఒక గుంటలో ఇరుక్కుని దాన్ని ఆపేస్తుంది. అంతకుముందు ఈ జబ్బుకు కీమోథెరపీ దాదాపు పనిచేసేది కాదు. 2000 మార్చిలో హెల్సింకిలో, కాలేయానికి కూడా జబ్బు పాకిన ఒక మహిళకు మొదటిసారి ఈ మాత్ర ఇచ్చారు. కొన్ని వారాల్లోనే గడ్డలు తగ్గుముఖం పట్టాయి. 2002 ఫిబ్రవరికల్లా అమెరికాలో జిస్ట్‌కు అనుమతి వచ్చింది. టార్గెటెడ్ చికిత్స అని ఇప్పుడు అందరూ అంటున్నదానికి తొలి గట్టి నిదర్శనాల్లో ఇదొకటి.

సిద్ధాంతం ఇక చాలు. పనిలోకి దిగుదాం.

1. ‘కిట్ మ్యుటేషన్ పాజిటివ్’ అని చూసి ఇంటిల్లిపాదికీ ఫోన్లు చేయకండి

జిస్ట్‌లలో నూటికి 75 నుంచి 80 వరకు కిట్ మార్పు ఉంటుంది. మరో పదింటిలో దాని అన్నదమ్ము లాంటి పీడీజీఎఫ్‌ఆర్‌ఏ అనే జన్యువు మారి ఉంటుంది. వీటిలో దాదాపు అన్నీ జీవితంలో ఎప్పుడో, పేగు గోడలోని ఏదో ఒక్క కణంలో జరిగినవే. అమ్మానాన్నల నుంచి రాలేదు, పిల్లలకు పోదు. డాక్టర్లు దీన్ని ‘సొమాటిక్’ అంటారు. పుట్టుకతో వచ్చినదాన్ని ‘జెర్మ్‌లైన్’ అంటారు. ఈ రెండు మాటలూ గుర్తుపెట్టుకోండి. మీ రిపోర్టులో పాజిటివ్, నెగెటివ్ కన్నా ఇవే ముఖ్యం.

ఇలా అనుకుందాం. అరవై రెండేళ్ల పెద్దాయన, జీర్ణాశయంలో ఒకే గడ్డ, కిట్ జన్యువులో ఎక్సాన్ 11 అనే భాగంలో మార్పు. ఇంట్లో ఇంకెవరికీ ఏమీ లేదు, ఒంటి మీద వింత మచ్చల్లేవు. ఈయన కొడుకు రక్తపరీక్ష చేయించుకోవాలా? సాధారణంగా అవసరం లేదు. ఆ డబ్బుతో నాన్నకు రెండు నెలల మందు కొనొచ్చు.

గడ్డ రిపోర్టు ఒక్కటే చూసి ‘ఇది వంశంలో ఉంది’ అని ఎవరూ ఖాయం చేయలేరు. వంశంలో ఉన్న మార్పు గడ్డలోనూ కనబడుతుంది, గడ్డలో మాత్రమే పుట్టిన మార్పూ అలాగే కనబడుతుంది. తేల్చేది రక్తమే.

ఇంకో మాట. ‘అంత కారం తినొద్దంటే విన్నావా’ అని ఇంట్లో ఎవరో ఒకరు అంటారు. ఆవకాయకూ ఈ గడ్డకూ సంబంధం ఉందని ఎక్కడా రుజువు కాలేదు. రోగిని దోషిని చేయకండి.

2. పారఫిన్ బ్లాక్ మీది, దాన్ని వదలకండి

బయాప్సీలోనో ఆపరేషన్‌లోనో తీసిన ముక్కను మైనంలో పోతపోసి చిన్న దిమ్మలుగా ల్యాబులో దాస్తారు. అవే ‘బ్లాక్స్’. వాటి నుంచి పల్చగా కోసి గాజు పలకల మీద పెట్టినవి ‘స్లైడ్స్’. జన్యు పరీక్షకు కావలసింది ఈ బ్లాకే. ఊరు మారినా, ఆస్పత్రి మారినా, రెండో అభిప్రాయానికి వెళ్లినా మొదట అడిగేది దీన్నే.

అయితే జనం ఏం చేస్తారు? స్కాన్ ఫిల్ములు మూట కట్టుకుని వస్తారు, బ్లాక్ సంగతే తెలియదు. మూడేళ్ల తర్వాత జబ్బు తిరగబెట్టినప్పుడు ఆ ల్యాబుకు వెళితే పాతవి తీసేశామంటారు. అందుకే ఆపరేషన్ అయిన నెలలోపే పాథాలజీ విభాగానికి వెళ్లి, అర్జీ రాసిచ్చి, బ్లాకుల మీద ఉన్న నంబరు మీ డైరీలో రాసుకోండి. ఇంటికి తెచ్చుకుంటే ఎండ తగలని చోట పెట్టండి, కరిగితే పనికిరావు.

రిపోర్టులో సీడీ117, డాగ్1 అనే రెండు రంగుల పరీక్షలు పాజిటివ్ అని ఉంటాయి. గడ్డ జిస్టే అని చెప్పడానికి అవి. వాటిని జన్యు పరీక్ష అనుకునేవాళ్లు చాలామంది. కాదు. అది వేరే కాగితం.

3. మాత్ర మొదలుపెట్టే ముందు మార్పు పేరు అడగండి

ఈ అధ్యాయంలో ఒక్కటే చదివే తీరిక ఉంటే ఇది చదవండి.

చాలాచోట్ల జిస్ట్ అనగానే ఇమాటినిబ్ రాసేస్తారు. పదిలో ఏడెనిమిది మందికి అది సరైనదే కాబట్టి తప్పు పట్టేవాడూ ఉండడు. మిగిలిన ఇద్దరు ముగ్గురి సంగతి? వాళ్లు పనిచేయని మాత్రను నెలల తరబడి మింగుతారు. ఈ విషయంలో నాకు కాస్త కోపమే. పరీక్ష ఖర్చు ఎక్కువని మానేసి, అంతకంటే ఎక్కువ ఖర్చును పనికిరాని మందు మీద పెట్టించడం పొదుపు ఎలా అవుతుంది?

డాక్టరు గదిలో అడగాల్సింది ఇంతే: ‘సార్, గడ్డలో ఏ జన్యువు మారింది? ఏ ఎక్సాన్‌లో?’ ఎక్సాన్ అంటే జన్యువులో ఒక భాగం. జవాబు ఇలా ఉండొచ్చు.

కిట్ ఎక్సాన్ 11 అంటే ఊపిరి పీల్చుకోండి. ఇమాటినిబ్‌కు అన్నిటికంటే బాగా లొంగేది ఇదే. రోజుకు 400 మిల్లీగ్రాములు.

కిట్ ఎక్సాన్ 9 అయితే ఎక్కువగా చిన్నపేగు గడ్డల్లో కనబడుతుంది. జబ్బు పాకినప్పుడు 400 సరిపోకపోవచ్చు, 800 వరకు పెంచే విషయం డాక్టరు ఆలోచిస్తారు. ఇక్కడ మోతాదు గురించి అడగకపోతే నష్టం.

పీడీజీఎఫ్‌ఆర్‌ఏ డి842వి అనే మార్పు నూటికి అయిదారుగురిలో ఉంటుంది, ఎక్కువగా జీర్ణాశయంలో. ఇమాటినిబ్ కూర్చోవలసిన గుంట ఆకారమే దీనివల్ల మారిపోతుంది, మాత్ర అక్కడ ఇమడదు. ఈ మార్పున్నవారికి ఆపరేషన్ తర్వాత ‘ఎందుకైనా మంచిది’ అంటూ మూడేళ్లు ఇమాటినిబ్ ఇవ్వడంలో అర్థం లేదు. 2020 జనవరిలో అమెరికాలో అవాప్రిటినిబ్ అనే మందుకు అనుమతి వచ్చింది. అది సరిగ్గా ఈ రకం మార్పు కోసం తయారైంది. ఖరీదైనది. జ్ఞాపకశక్తి మీద ప్రభావం చూపొచ్చు కాబట్టి ఇంట్లోవాళ్లు గమనిస్తూ ఉండాలి.

కిట్‌లోనూ పీడీజీఎఫ్‌ఆర్‌ఏలోనూ మార్పు లేదంటే? ‘వైల్డ్ టైప్’ అని రాస్తారు. అది చదివి ‘మార్పేమీ లేదట, మంచిదే’ అనుకుని ఫైలు మూసేస్తారు. నిజానికి వంశం గురించి ఆలోచించడం మొదలుపెట్టాల్సింది ఇక్కడే. వెంటనే ‘ఎస్‌డీహెచ్‌బీ స్టెయిన్ చేశారా?’ అని అడగండి. అదే బ్లాక్ మీద చేసే చిన్న రంగు పరీక్ష. రంగు పట్టకపోతే ఎస్‌డీహెచ్ జన్యువుల కుటుంబం దెబ్బతిన్నట్టు. ఈ రకం ఎక్కువగా పిల్లల్లో, యువతుల్లో, జీర్ణాశయంలో ఒకటి కాకుండా అనేక గడ్డలుగా వస్తుంది. ఇమాటినిబ్‌కు పెద్దగా లొంగదు. అయితే ఎక్కువమందిలో చాలా నెమ్మదిగా పెరుగుతుంది, లివర్‌కు పాకినా ఏళ్ల తరబడి బతికేవాళ్లున్నారు. ‘మందు పనిచేయదు’ అన్నమాటను ‘రోజులు లెక్కపెట్టుకోండి’ అన్నట్టు వినకండి.

ఇమాటినిబ్ కొన్నాళ్లు పనిచేసి ఆగిపోతే దారి మూసుకుపోయినట్టు కాదు. తర్వాతి వరుసలో సునిటినిబ్, ఆపైన రెగొరాఫెనిబ్, ఆ తర్వాత 2020లో వచ్చిన రిప్రెటినిబ్ ఉన్నాయి.

4. వంశంలో ఉందేమోనని ఎప్పుడు అనుమానించాలి?

కింది వాటిలో ఏ ఒక్కటున్నా జెర్మ్‌లైన్ పరీక్ష గురించి అడగండి.

ఒకటికి మించిన గడ్డలు, వేర్వేరు చోట్ల విడివిడిగా పుట్టినవి. చిన్న వయసు. ఎస్‌డీహెచ్‌బీ రంగు పట్టకపోవడం. రక్తసంబంధీకుల్లో మరొకరికి జిస్ట్. మెడలో, పొట్టలో పారాగాంగ్లియోమా లేదా అడ్రినల్ గ్రంథిలో ఫియోక్రోమోసైటోమా అనే గడ్డలు రావడం.

ఆ తర్వాత అద్దం ముందు నిలబడండి. నిజంగానే. ఈ జబ్బు వంశంలో ఉంటే కొన్నిసార్లు చర్మం ముందే చెబుతుంది. పుట్టుకతో కిట్ మార్పు ఉన్న కుటుంబాల్లో చంకలు, గజ్జలు, చేతులు, ముఖం మీద నల్లబారిన మచ్చలు, దురద దద్దుర్లు, కొందరికి మింగడంలో ఇబ్బంది కనబడతాయి. ఇలాంటి కుటుంబాలు ప్రపంచం మొత్తం మీద నమోదైనవి కొన్ని పదులే, అంత అరుదు.

దీనికంటే మీకు తారసపడే అవకాశం ఎక్కువున్నది ఎన్‌ఎఫ్1, అంటే న్యూరోఫైబ్రోమటోసిస్. పాలు కలిపిన కాఫీ రంగులో ఆరు, అంతకు మించి మచ్చలు, చంకల్లో చిన్న చిన్న చుక్కలు, ఒంటి మీద మెత్తటి గుల్లలు. మన ఊళ్లలో వీటిని పుట్టుమచ్చలనో కొవ్వు గడ్డలనో అనుకుని జీవితాంతం పట్టించుకోరు. ఇలాంటివారికి చిన్నపేగులో అనేక జిస్ట్‌లు రావచ్చు. వాటిలో కిట్ మార్పు సాధారణంగా ఉండదు, ఇమాటినిబ్ అంతగా పనిచేయదు, ఆపరేషనే ప్రధానం. ఎన్‌ఎఫ్1 ఉన్నవారిలో సగంమందికి అమ్మానాన్నల్లో ఎవరికీ ఉండదు. వారితోనే మొదలవుతుంది. ‘మా ఇంట్లో ఎవరికీ లేదు’ అన్నది కొట్టిపారేయడానికి చాలదు.

ఇక్కడ ఒక పరిస్థితి చూడండి. పద్దెనిమిదేళ్ల అమ్మాయి. ఇంటర్‌ నుంచీ నీరసం. హిమోగ్లోబిన్ ఏడు. ‘ఆడపిల్లలకు మామూలేలే’ అని ఐరన్ మాత్రలు, బెల్లం, ఖర్జూరం. మాత్రలు వాడినన్నాళ్లూ కాస్త పెరుగుతుంది, ఆపగానే తగ్గుతుంది. విరేచనం నల్లగా పోతోందని ఆ పిల్ల చెబితే, ‘ఐరన్ మాత్ర వేసుకుంటే అంతే’ అంటుంది అమ్మ. నిజమే, ఐరన్ మాత్రకు నల్లగానే పోతుంది. చిక్కంతా అక్కడే. మాత్రలు ఆపిన వారం తర్వాత కూడా తారులా జిగటగా పోతుంటే అది రక్తం. ఎండోస్కోపీ చేయించాలి. యువతుల్లో ఎస్‌డీహెచ్ రకం గడ్డలు చాలాసార్లు ఇలా రక్తహీనత ముసుగులోనే దాక్కుంటాయి.

5. కాగితం మీద మీ వంశం గీయండి

జెనెటిక్స్ డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు రోజు ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టండి. మూడు తరాలు చాలు. మగవారికి చతురస్రం, ఆడవారికి వృత్తం. ఒక్కొక్కరి పక్కన ఏ జబ్బు, ఏ వయసులో అని రాయండి.

అమ్మమ్మ ‘కడుపులో గడ్డొచ్చి పోయింది’ అంటే అక్కడితో ఆగకండి. గర్భసంచిలోనా, పొట్టలోనా? రక్తం కక్కిందా? ఏ ఆస్పత్రిలో చూపించారు? పెదనాన్న ‘బీపీ పెరిగి నలభై ఏళ్లకే పోయాడు’ అంటే అదీ రాయండి, తక్కువ వయసులో విపరీతమైన బీపీ వెనక పారాగాంగ్లియోమా ఉండొచ్చు. కోడళ్లు, అల్లుళ్ల వైపు జబ్బులు ఈ లెక్కలోకి రావు, వాళ్ల పిల్లలు వస్తారు.

మేనరికం సంగతి తప్పకుండా చెప్పండి, అడగకపోయినా. అయితే ‘మేనరికం చేసుకోబట్టే వచ్చింది’ అనే మాటను ఇక్కడే ఆపేయాలి. కిట్, ఎన్‌ఎఫ్1, ఎస్‌డీహెచ్ మార్పులు తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచి వచ్చినా చాలు. బయటి సంబంధం చేసుకున్నా ప్రతి బిడ్డకూ అవకాశం సగానికి సగమే. పక్షపాతం ఉండదు, కొడుకైనా కూతురైనా ఒకటే.

ఒక తిరకాసు మాత్రం ఉంది. ఎస్‌డీహెచ్‌డీ అనే జన్యువు మారితే, అది తండ్రి నుంచి వచ్చినప్పుడే దాదాపుగా పారాగాంగ్లియోమా జబ్బుగా బయటపడుతుంది. తల్లి నుంచి వస్తే మార్పు ఉంటుంది, జబ్బు సాధారణంగా రాదు. కానీ ఆమె కొడుకు నుంచి అతని పిల్లలకు వెళితే మళ్లీ బయటపడొచ్చు. ‘ఒక తరం దాటిపోయింది, ఇక లేదు’ అనుకునే ఇళ్లు ఇక్కడే మోసపోతాయి.

6. కౌన్సెలింగ్ అయ్యాకే రక్తం ఇవ్వండి

హైదరాబాద్ నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది. సీడీఎఫ్‌డీ అనే కేంద్ర ప్రభుత్వ జన్యు సంస్థ కూడా నగరంలోనే ఉంది. ప్రైవేటు ల్యాబుల వాళ్లు ఇంటికే వచ్చి రక్తం తీసుకెళతారు, రిపోర్టు మెయిల్‌లో పడేస్తారు. దాన్ని చదివి చెప్పేవారెవరో ముందే తేల్చుకోకుండా రక్తం ఇవ్వకండి.

రిపోర్టులో ముఖ్యంగా మూడు రకాల మాటలుంటాయి. ‘పాథోజెనిక్’ అంటే జబ్బు తెచ్చే మార్పు. ‘బినైన్’ అంటే హాని లేనిది. మధ్యలో ‘వీయూఎస్’ అని ఒకటుంటుంది, అంటే తేడా కనబడింది కానీ దాని అర్థం ఇంకా తేలలేదు. వీయూఎస్ చూసి పిల్లలకు పరీక్షలు చేయించడం, నిశ్చితార్థాలు ఆపుకోవడం, ఆపరేషన్లకు సిద్ధపడడం... ఏదీ చేయకండి. ఏడాదికో రెండేళ్లకో ఆ ల్యాబును మళ్లీ అడగండి, వర్గం మారి ఉండొచ్చు.

పరీక్ష ముందు జబ్బున్న మనిషికే చేయాలి. అందులో పాథోజెనిక్ మార్పు దొరికితే, ఆ ఒక్క మార్పునే మిగతావారిలో వెతుకుతారు. ఖర్చు బాగా తగ్గుతుంది, జవాబూ సూటిగా ఉంటుంది. అందరూ ఒకేసారి పెద్ద ప్యానెల్ చేయించుకోవడం దండగ.

చిన్నపిల్లలకు? జన్యువును బట్టి ఉంటుంది. ఎస్‌డీహెచ్ అయితే బాల్యంలోనే నిఘా మొదలుపెడతారు కాబట్టి అప్పుడే పరీక్షకు అర్థం ఉంది.

7. తోబుట్టువులకు చెప్పడం

జెర్మ్‌లైన్ అని తేలింది. ఇప్పుడు అన్నయ్యకు ఎలా చెప్పాలి? ఇక్కడే చాలామంది ఆగిపోతారు. వదిన ఏమనుకుంటుందో, వాళ్లమ్మాయి సంబంధాలు ఏమవుతాయో అని నెలలు గడిపేస్తారు.

పెళ్లి భోజనాల దగ్గర చెప్పకండి. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో అసలే పెట్టకండి. విడిగా ఫోన్ చేసి చెప్పి, తర్వాత రాతలో పంపండి, ఎందుకంటే విన్నది సగం మరిచిపోతారు. ఇలా రాయొచ్చు:

‘అన్నయ్యా, నా కడుపులో గడ్డ గురించి నీకు తెలుసు కదా. అది పుట్టుకతో వచ్చిన ఎస్‌డీహెచ్‌ఏ జన్యు మార్పు వల్ల అని తేలింది. నీకు ఉండొచ్చు, ఉండకపోవచ్చు, సగానికి సగం అవకాశం. ఉన్నా గడ్డ వచ్చి తీరుతుందని కాదు. ఉన్నట్టు తెలిస్తే ముందుగా చూసుకోవచ్చు. నా రిపోర్టు పంపుతున్నా, డాక్టరుకు ఇదే చూపించాలి. తొందరేం లేదు, చేయించుకోవాలో వద్దో నీ ఇష్టం. వదినతో మాట్లాడి నీకు వీలైనప్పుడు చెప్పు.’

ఇందులో ఏముందో చూశారా? జన్యువు పేరుంది. అవకాశం ఎంతో ఉంది. ఏం చేయాలో ఉంది. నిర్ణయం అతనికే వదిలారు. ఏడుపు లేదు, భయపెట్టడం లేదు. ఆయన వద్దన్నాడా? ఊరుకోండి. ఆరు నెలల తర్వాత మళ్లీ ఒకసారి అడగండి. మీ బాధ్యత కబురు అందించడం వరకే.

8. ఆపరేషన్ బల్ల ఎక్కేముందు బీపీ సంగతి

చిన్న సూచనే, కానీ ప్రాణం కాపాడేది. ఎస్‌డీహెచ్ లేదా ఎన్‌ఎఫ్1 అనుమానం ఉంటే, మత్తు ఇచ్చే ముందు రక్తంలోనో మూత్రంలోనో మెటానెఫ్రిన్స్ పరీక్ష చేయమని అడగండి. ఎక్కడో దాక్కున్న పారాగాంగ్లియోమాయో ఫియోక్రోమోసైటోమాయో ఉంటే ఆపరేషన్ మధ్యలో బీపీ ఒక్కసారిగా ఎగిసిపోవచ్చు. ఉండుండి గుండె దడ, తలపోటు, ఒళ్లంతా చెమట పడుతుంటే ఆ సంగతి మత్తు డాక్టరుకు మీరే చెప్పండి.

9. మాత్రతో కాపురం

జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఎక్కువున్నవారికి ఆపరేషన్ తర్వాత మూడేళ్లు ఇమాటినిబ్ ఇస్తారు. 2012లో వెలువడిన స్కాండినేవియా, జర్మనీ పరిశోధనలో ఒక ఏడాది వాడినవారిలో అయిదేళ్లకు 81.7 శాతం, మూడేళ్లు వాడినవారిలో 92 శాతం జీవించి ఉన్నారు. జబ్బు పాకినవారైతే, పనిచేస్తున్నంత కాలం ఆపకూడదు. ‘గడ్డ కనబడటం లేదు కదా’ అని ఆపేస్తే చాలామందిలో తిరిగి పెరుగుతుంది.

పెద్ద భోజనంతో పాటు, పెద్ద గ్లాసు నీళ్లతో వేసుకోండి. పరగడుపున వేసుకుంటే వికారం. పొద్దున్నే కళ్లచుట్టూ ఉబ్బు, రాత్రిళ్లు పిక్కలు పట్టేయడం, విరేచనాలు మామూలు. ఓర్చుకోలేకపోతే చెప్పండి, మీ అంతట మీరు రోజు విడిచి రోజు వేసుకోవద్దు. గర్భం దాల్చే ఆలోచన ఉంటే ముందుగానే డాక్టరుతో మాట్లాడాలి.

తామరకు మందుల షాపులో ఇచ్చే ఇట్రాకొనజోల్, కొన్ని దగ్గు జ్వరాలకు రాసే క్లారిత్రోమైసిన్ ఒంట్లో ఈ మందు మోతాదును పెంచేస్తాయి. టీబీకి వాడే రిఫాంపిసిన్, మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, కార్బమజెపిన్ తగ్గించేస్తాయి. గ్రేప్‌ఫ్రూట్ తినకూడదు, దాని చుట్టమైన పంపర పనసకూ దూరంగా ఉండటం మేలు. పసరు మందులు, వాట్సాప్ కషాయాలు? వాడుతున్నట్టయితే దాచకుండా చెప్పండి. తిడతారని దాచడమే అసలు ప్రమాదం.

మొదటి సీటీ స్కాన్ చూసి గుండె జారిపోనివ్వకండి. మందు పనిచేస్తున్నా గడ్డ సైజు అలాగే ఉండొచ్చు, లోపల మెత్తబడి కాస్త పెద్దదిగా కూడా కనబడొచ్చు. లివర్‌లో ఇంతకుముందు కలిసిపోయి కనబడనివి ఇప్పుడు కొత్త మచ్చల్లా తేలొచ్చు. చూడాల్సింది సాంద్రత తగ్గిందా అని. అందుకే స్కాన్ చీటీ మీద ‘ఇమాటినిబ్ వాడుతున్నారు’ అని రాయించండి, జిస్ట్ స్కాన్లు చూసిన అనుభవం ఉన్న రేడియాలజిస్టు దగ్గరికి వెళ్లండి.

10. డబ్బు

ఒకప్పుడు నోవార్టిస్ కంపెనీ గ్లీవెక్ పేరుతో అమ్మే ఇమాటినిబ్‌కు నెలకు లక్షా ఇరవై వేల రూపాయల దాకా అయ్యేది. హైదరాబాద్‌కు చెందిన నాట్కో ఫార్మా 2003లో వీనాట్ పేరుతో అదే మందును తెచ్చింది. ఇలాంటి జెనరిక్‌లతో నెల ఖర్చు పదివేల లోపుకు దిగింది. నోవార్టిస్ పేటెంట్ కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2013 ఏప్రిల్ 1న కోర్టు కాదన్నది. ఈరోజు మీరు మందుల షాపులో అడిగే ధర వెనక ఆ తీర్పుంది.

‘జెనరిక్ అంటే నాసిరకం కదా?’ అని అడిగేవారికి: మన దేశంలో ఇమాటినిబ్ వాడేవారిలో ఎక్కువమంది వాడుతున్నది అదే. మంచి కంపెనీది ఎంచుకుని దానితోనే కొనసాగండి, నెలకో బ్రాండు మార్చకండి. ప్రతిసారీ బిల్లు మీద బ్యాచ్ నంబరు చూసుకోండి.

ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్యసేవ కార్డుంటే ఆస్పత్రిలో ఆరోగ్యమిత్ర కౌంటర్ దగ్గర రెండు విషయాలు విడివిడిగా అడగండి: ఆపరేషన్ వస్తుందా? మాత్రలు వస్తాయా? ఒకదానికి ‘అవును’ అంటే రెండోదానికీ అవుననుకుని ఇంటికి రావద్దు. జన్యు పరీక్ష ఖర్చు సంగతి మూడోది, దాన్ని అదే నోట అడిగేయండి. మందు పది రోజులకు సరిపడా మిగిలి ఉండగానే తర్వాతి నెలది తెచ్చుకోండి. సంక్రాంతికీ దసరాకూ ఊరెళ్లేటప్పుడు సంచిలో మొదట పెట్టుకోవాల్సింది ఆ స్ట్రిప్పులే, అక్కడి మందుల షాపులో ఇది దొరకదు.